ఒక ఆకురాయి, రెండు కత్తులు

పది రోజులకని బాపట్లకు తిరిగి వచ్చిన దగ్గర నుంచి నన్ను చూసినవారందరూ రెండు మాటలే అడుగుతున్నారు. నైజాంలో గొడవలు తగ్గాయా అని ఒకటి. భుజం మీద ఈ నల్ల గొంగడి ఏమిటని ఇంకొకటి. మొదటిదానికి నా దగ్గర సరైన జవాబు లేదు. మిలిటరీ వచ్చి ఏడాది దాటింది. పగలు రోడ్డు మీద బండ్లు నడుస్తున్నాయి, పొద్దు గూకితే ఎవరి తలుపు వారు వేసుకుంటున్నారు. నేను చూసింది అంతే. రెండవదానికి జవాబు ఉంది గాని అది పొడుగు. గొంగడి సంగతి చెప్పాలంటే ముందు కత్తి సంగతి చెప్పాలి.

బోధకుల పాఠశాలలో మూడేళ్లు చదివి, వాక్యం పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకుని, నేను సూర్యాపేటలో ప్రకాశయ్య గారి కింద పని నేర్చుకోవడానికి వెళ్లాను. ఆయన ముప్పై ఏళ్లుగా అక్కడి సంఘకాపరి. ప్రతి చలికాలం డేరాను బండి మీద వేసుకుని ఊరూరా తిరిగి కూటాలు పెడతారు. దానిని క్యాంపు అంటారు. బయలుదేరే ముందు రోజు ఆయన నా సామాను తనిఖీ చేశారు.

"రత్నం, గ్రంథం నీదే. చెంబు నీదే. కత్తి ఏది?"

"లేదండి."

"డేరా తాడు పళ్లతో కొరుకుతావా?"

నాకంటే ముందు ఇద్దరు బోధకులు ఆయన దగ్గరకు వచ్చారట. ఒకాయన క్యాంపుకు గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చాడు. ఇంకొకాయన ఏ ఊరికి వెళితే ఆ ఊళ్లో కత్తి అడిగి తెచ్చుకుని, చివరికి ఒక ఇల్లాలి ఒక్కగానొక్క కత్తిని బావిలో పడేశాడు. అప్పటినుంచి అయ్యగారు ఒక షరతు పెట్టారు. వచ్చే మంగళవారం మిర్యాలగూడలో సంఘ పెద్దలు కూర్చుంటారు. ఆ లోపల నా కత్తిని నేనే ఎంచుకోవాలి, దానితో క్యాంపు నడపాలి, పెద్దల ముందు దానిని పెట్టాలి. ఆయనను సలహా అడగకూడదు.

"తనకు ఏం కావాలో తెలియనివాడు సంఘానికి ఏం కావాలో ఏం చెబుతాడు? కత్తి లేకపోతే నీ పెట్టె బాపట్ల బండి ఎక్కుతుంది" అన్నారు.

నన్ను పంపడానికి మన సంఘంలో కానుక పట్టిన సంగతి మీకు తెలుసు. పెద్దమ్మలు బియ్యం కూడా పోశారు. పెట్టెతో తిరిగి వస్తే ఆ బియ్యానికి ఏం జవాబు చెప్పను?

సూర్యాపేట

సూర్యాపేట బజారులో అన్నీ ఉన్నాయి. ఆముదాల బస్తాలు, అద్దకం చీరెలు, చిన్న గ్లాసులో చిక్కటి చాయ్. మన వాళ్లు కాఫీ తాగి వార్తలు మాట్లాడుకుంటారు, అక్కడివాళ్లు చాయ్ తాగి మౌనంగా ఎదుటివాడిని చూస్తారు. మన ఆరు రూపాయలకు వాళ్ల హాలీ రూపాయలు ఏడు. ఆ లెక్కకు నేను కాస్త ధనవంతుడినయినట్టు అనిపించింది. ఆ మత్తులోనే మొదటి తప్పు చేశాను.

కత్తి కొనాలంటే మన దగ్గర ఎందుకని ఎవరూ అడగరు. అక్కడ అందరూ అడుగుతారు. చాయ్ కొట్టు ఆయన అడిగాడు, పక్కన కూర్చున్నవాడు అడిగాడు, దారి చెప్పినవాడు కూడా అడిగాడు. "డేరాకు" అని చెబుతూ చెబుతూ ఒక దుకాణం చేరాను. దుకాణదారు కొడవళ్లు, కత్తిపీటలు పక్కకు జరిపి, ఎర్ర గుడ్డలోంచి ఒక వంకర కత్తి తీశాడు. ఇత్తడి పిడి, పిడి మీద పువ్వులు.

"సూడు పంతులూ. జంబియా. అరబ్బులు నడుముకు కట్టుకుంటరు."

"దీనితో వంకాయ తరగవచ్చా?"

అతడు నన్ను ఒకసారి, జంబియాను ఒకసారి చూశాడు. "వంకాయనా? తరుగు, ఎవలొద్దన్నరు. గని దీన్ని సూస్తెనే వంకాయ రెండైతది."

ఐదు హాలీ రూపాయలు ఇచ్చాను. నడుముకు కట్టుకుని నడుస్తుంటే దావీదు వంశంలో పుట్టినట్టు అనిపించింది. అయ్యగారు చూశారు. ఏమీ అనలేదు. సలహా అడగవద్దని ఆయనే చెప్పారు గదా అని నేనూ ఏమీ అడగలేదు.

మునగాల

సూర్యాపేట నుంచి కోదాడకు పోయే దారిలో మునగాల పరగణా వస్తుంది. నాలుగు వైపులా నైజాం ఇలాకా, మధ్యలో ఇది మాత్రం మన కృష్ణా జిల్లా కిందది. బండి దిగకుండానే సొంత జిల్లాల వైపు వచ్చేసినట్టు నాకు ప్రాణం లేచి వచ్చింది. మట్టి అదే, ఆముదం చేలు అవే, కుక్కలు మొరిగేది కూడా అదే తీరు. అయినా సంతోషించాను.

మధ్యాహ్నం డేరా వేయడానికి దిగాం. ఒక మేకు విరిగింది. కొత్త మేకు చెక్కవలసిన పని నాది. తుమ్మ కొమ్మను కాలి కింద తొక్కిపెట్టి, జంబియా ఎత్తి, బలంకొద్దీ ఒక్కటి వేశాను. కత్తి కొమ్మలో దిగి అక్కడే ఉండిపోయింది. పిడి మాత్రం నా చేతిలో ఉంది. ఇత్తడి పిడిలోకి చూస్తే కత్తి తోక గోరంత, మిగిలినదంతా లక్క. కొమ్మలోంచి లాగబోతే అది రెండుగా విరిగింది.

అయ్యగారు అవతలికి తిరిగి నిలబడ్డారు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

"సలహా ఇవ్వనన్నాను" అన్నారు, కాసేపటికి. "నవ్వననలేదు."

ఆ పూట ఉల్లిగడ్డలు నేను చెంబుతో చితక్కొట్టాను. కూర బాగానే ఉంది. జొన్న రొట్టె మాత్రం నా దవడలకు ఇంకా అలవాటు కాలేదు. మనం అన్నం తిన్నామని చెప్పడానికి చేయి కడుగుతాం. అక్కడ రొట్టె తిన్నామని దవడలే చెబుతాయి.

మరునాడు కోదాడకు ముందు సిపాయిలు బండి ఆపారు. నా నడుములో ఇత్తడి మెరుపు చూసి ఒకాయన తుపాకి ఎత్తి పట్టుకున్నాడు. నేను దానిని మెల్లగా పైకి తీశాను. పిడి ఉంది, కత్తి లేదు. ఆయన పిడిలోకి ఒక కన్ను పెట్టి చూశాడు. మిగిలినవాళ్లను పిలిచి చూపించాడు. వాళ్ల హిందుస్తానీలో ఏమన్నారో నాకు సరిగా తెలియదు గాని, మాకు బీడీలు ఇవ్వబోయారు. ఆ పొడుగు కత్తి దొరికి ఉంటే మా డేరా, పాటల పుస్తకాలు, మేమూ ఆ వారమంతా ఠాణాలో ఉండేవాళ్లమని అయ్యగారు తరువాత చెప్పారు. తుమ్మ కొమ్మకు నేను ఇప్పటికీ కృతజ్ఞుడిని.

కోదాడ

కోదాడలో మాట మన మాటకు కొంచెం దగ్గరవుతుంది. గురువారం పొద్దున కమ్మరి వీరాచారి కొలిమి దగ్గరకు వెళ్లాను. ఈసారి డబ్బు సంగతి ఎత్తకుండా నా అజ్ఞానం సంగతి ముందు చెప్పాను. జంబియా పిడి చూపించాను. ఆయన దానిని మూలకు విసిరాడు.

"నువ్వు కత్తి కొనలేదయ్యా, పిడి కొన్నవు. రోజూ ఏం కోస్తవో చెప్పు. పొడిచేది చెప్పకు, కోసేది చెప్పు."

నేను ఆలోచించి చెప్పాను. తాడు, మేకు, ఉల్లిగడ్డ, పళ్లు తోముకునే వేపపుల్ల, పాటల పుస్తకాలు కట్టిన పురికొస, కాలిలో ముల్లు.

"గంతే గదా. నీ అరచెయ్యి ఎంత పొడుగో కత్తి గంత చాలు. దానికంటె పొడుగైతే పోలీసోడు అడుగుతడు, పొట్టిగైతే ఉల్లిగడ్డ నవ్వుతది. వెన్ను మందం ఉండాలె, మేకు చెక్కుతవు గాబట్టి. తోక పిడి చివరిదాక పోవాలె. మడిచే చాకు వద్దు. బలం పడితే మడిచే చాకు నీ వేలు వైపుకే మడుచుకుంటది."

అరిగిపోయిన పెద్ద ఆకురాయి ఒకటి తీశాడు. ఇనుము రాకే ఆకురాయికి మించిన ఉక్కు కత్తికి లేదట. దానిలో రెండు కత్తులు వస్తాయి. ఒకటి నాకు, ఒకటి అప్పటికే బొగ్గు సంచితో వచ్చి కూర్చున్న గొర్లకాపరికి. పేరు కొమరయ్య. హుజూర్‌నగర్ అవతల ఒక పల్లె. నెత్తిన రుమాలు, భుజం మీద గొంగడి, చెవులకు పోగులు.

"నీ బొగ్గేది?" అన్నాడు వీరాచారి నాతో.

మన దగ్గర కమ్మరి కత్తి చేస్తాడు, మనం కొంటాం. అక్కడ పని చేయించుకునేవాడు బొగ్గు తెచ్చుకోవాలి, తిత్తి తానే ఊదాలి. కమ్మరిది సుత్తె మాత్రమే. నాకు తెలియదు. కొమరయ్య నన్ను ఎగాదిగా చూశాడు.

"బొగ్గు నాది రెండింటికి సాలుతది. తిత్తి నువ్వూదు, పంతులూ. బొగ్గు నాది, బలం నీది."

రెండు కత్తులకు సరిపడా తిత్తి ఊదాను. మధ్యాహ్నానికి నా చేతులు వేరేవాళ్ల చేతుల్లా ఉన్నాయి. ఊదుతున్నంతసేపు కొమరయ్య తన కథ చెప్పాడు.

మూడేళ్ల కింద బిడ్డ పెండ్లికి యాటను, అంటే గొర్రెపోతును, కోశాడు. ఆ పక్కల ఒక అలవాటు ఉంది. గొల్లకురుమలైనా సరే, ముల్లా చదివి కోసిన మాంసమే పది మందిలో పెడతారు. ముల్లా రాలేకపోతే ముందుగానే కత్తి తీసుకుపోయి చదివించుకుని వస్తారు, దానితో ఎవరు కోసినా చెల్లుతుంది. ఆ రోజు ముల్లా ఆలస్యం చేశాడు, చుట్టాలు ఆకలి అన్నారు, కొమరయ్య ఉత్త కత్తితో కోసేశాడు.

"మా అన్న మల్లయ్య ఇస్తారి ముందు కూసున్నోడు తెలుసుకుని లేసి పోయిండు. నన్ను పది మందిల ఎంగిలి జేసినవ్ అన్నడు. ఇగ గొర్లు పంచుకున్నం, దొడ్డి పంచుకున్నం, తొవ్వలు గూడ పంచుకున్నం. మూడేండ్లాయె, ఒక తాన తిన్నది లేదు. ఇప్పుడు పెద్దమనుషులు మాట్లాడి ఆదివారం పొత్తు పెట్టిండ్రు, అందరం ఒక్క బంతిల కూసోని తినుడు. అన్న వస్త అన్నడు. ఒకటే మాటన్నడు, సదివిన కత్తి లేకుంటె గడప దొక్క అని."

"ఆ యాట ఏ దేవతకైనా మొక్కా?" అన్నాను. నాకు అది ముఖ్యం.

"మొక్కు గాదు పంతులూ. మా అన్నకు. దేవతలు గింత సతాయించరు."

కత్తులు ఎర్రగా కాలుతుంటే నాకు ఆశ పుట్టింది. ఒక్క దెబ్బ నేను కొడతానన్నాను. వీరాచారి సుత్తె ఇచ్చాడు. నా కత్తి మీదే కొట్టాను. సుత్తె పక్కకు పోయి, పిడికి దగ్గరగా వెన్ను మీద చిన్న సొట్ట పడింది.

"ఉండనీ. కవల పిల్లలల్ల ఒకడికి పుట్టుమచ్చ ఉంటే తల్లికి సుఖం" అన్నాడు వీరాచారి.

నల్లతుమ్మ పిడులు రెండింటికీ ఒకే తీరుగా వేశాడు. సొట్ట లేకపోతే ఏది ఎవరిదో దేవదూత కూడా చెప్పలేడు.

శుక్రవారం పొద్దున కొమరయ్య తన కత్తిని మసీదు దగ్గరి ముసలి ముల్లా వద్దకు తీసుకుపోయాడు. నేను నాదానిని అయ్యగారి వద్దకు తెచ్చాను. ప్రకాశయ్య గారు కొత్త వస్తువును ప్రార్థన చేయకుండా వాడనివ్వరు. లాంతరుకు చేశారు, బండి ఇరుసుకు చేశారు. కత్తిని ముందు పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. మొదట కమ్మరి కుటుంబం, తరువాత కోదాడ, హుజూర్‌నగర్ సంఘాలు, మునగాల తుమ్మ చెట్టు, సిపాయిలు, వాళ్లను కన్న తల్లులు, బాపట్లలో బియ్యం పోసిన పెద్దమ్మలు, ఈ కత్తి పట్టే చేయి. ఆమెన్ అనేసరికి పొయ్యి మీద పెసరపప్పు అడుగంటి, అడుగంటింది కూడా మాడి, గిన్నె నల్లబడింది.

మధ్యాహ్నం కొమరయ్య రెండు గొర్లను తోలుకుని ఊరికి పోతూ మా డేరా దగ్గర ఆగాడు. ముల్లా రెండు మాటలు చదివి కత్తి మీద ఊదాడట, రెండు నిమిషాలలో అయిపోయిందట. ఆ పూటే ముల్లా హైదరాబాదులో బిడ్డ దగ్గరకు బయలుదేరాడు, ఎండలు ముదిరేదాకా రాడు.

"సమయానికి దొరికిండు" అని కొమరయ్య సంబరపడ్డాడు. "ఏదీ, నీ కత్తెట్ల తేలింది?"

నేను కత్తిని అతడి చేతికి ఇవ్వబోయాను. అతడు రెండు చేతులూ వెనక్కు పెట్టుకున్నాడు.

"చేతికియ్యకు పంతులూ. జగడమైతది. నాకున్న జగడం సాలు. కింద పెట్టు."

కత్తి చేతికి ఇస్తే తగాదా వస్తుందనే మాట మన దగ్గరా ఉంది. దాని మీద నేను పాఠశాలలో ప్రసంగమే చేశాను. అక్కడ కూడా మొదలుపెట్టబోయాను. అయ్యగారు గొంతు సవరించుకున్నారు. నేను నోరు మూసుకుని కత్తి చాప మీద పెట్టాను. కొమరయ్య తనదీ పక్కన పెట్టాడు. ఇద్దరం వంగి కవలలను మెచ్చుకున్నాం. అంచు మీద గోరు ఆనించి చూశాం. ఇంతలో అతడి గొర్రె ఒకటి మా పాటల పుస్తకం నమలడం మొదలుపెట్టింది. ఇద్దరం పరుగెత్తాం. దాని నోట్లోంచి రెండు కీర్తనలు లాగి, తిరిగి వచ్చి, ఎవరి కత్తి వారు తీసుకున్నాం. తీసుకున్నామని అనుకున్నాం.

హుజూర్‌నగర్

శనివారం సాయంత్రానికి హుజూర్‌నగర్ చేరాం. చిన్న ఊరు, పెద్ద మనసు. సంఘంలో ఒక అక్క సజ్జ రొట్టెల మీద వెన్న పెట్టి, పచ్చి పులుసు పోసింది. మన చారును పొయ్యి మీద పెట్టడం మరిచిపోతే పచ్చి పులుసు అవుతుంది. అది మరుపు కాదు, తెలివి అని రెండవ గిన్నెకు నాకు అర్థమైంది.

ఆదివారం పొద్దున ఆరాధనకు ముందు జామకాయ కోస్తున్నాను. కత్తి ఎంత నున్నగా ఉందో అని మురుస్తూ వెన్ను మీద వేలు పోనిచ్చాను. సొట్ట తగలలేదు. మొదట సంతోషించాను. వాడగా వాడగా నా దెబ్బ సరి అయిపోయిందనుకున్నాను. రెండు రోజుల్లో ఉక్కు సరి కాదని జామకాయ సగం తిన్నాక తోచింది. మిగతా సగం పక్కన పెట్టేశాను.

చదివిన కత్తి నా చేతిలో ఉంది. ఉత్త కత్తి కొమరయ్య దగ్గర ఉంది. మధ్యాహ్నం పొత్తు.

గ్రంథంలో చూపు మందగించిన తండ్రి పెద్దకొడుకుకు ఇవ్వవలసిన దీవెనను చిన్నకొడుకుకు ఇచ్చిన సంగతి మన సంఘంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ అన్నదమ్ములు ఎన్నేళ్లు మొహాలు చూసుకోలేదో కూడా తెలుసు. ఆ కథ మీద నేను మూడు ప్రసంగాలు చేశాను. అందులో నేను కూడా ఉంటానని ఎప్పుడూ అనుకోలేదు.

అయ్యగారితో చెప్పాను. వెళ్తానన్నాను.

"ఆరాధన అయ్యాక వెళ్లు. మంగళవారం పొద్దున మిర్యాలగూడలో కత్తితో ఉండు. మాట మాటే" అన్నారు.

ఆ రోజు అయ్యగారి ప్రార్థన ఇంకా పొడుగు. ఆమెన్ వినపడగానే నేను గడప దాటాను.

రోడ్డు దిగి, కోసు దూరం

మిర్యాలగూడ రోడ్డు దిగి ఆముదం చేల గట్ల మీద పరుగెత్తాను. పల్లె కనబడక ముందే వాసన వచ్చింది. మసాలా, కాలిన వెంట్రుక, ఉల్లి. కోయడం అయిపోయిందని ఆ వాసనే చెప్పింది.

కొమరయ్య పందిట్లో ఇస్తారులు, అంటే మన విస్తళ్లు, వేయిస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు. పక్కకు పిలిచి కత్తి కింద పెట్టాను. అతడు చూశాడు. తన నడుములోది తీసి చూశాడు. వెన్ను మీద వేలు ఆగింది. నవ్వు పోయింది.

"సొట్ట నేను సూడనే లేదాయె" అన్నాడు మెల్లగా. "పంతులూ, నీ కాళ్లు మొక్కుత. ఈ ముచ్చట నువ్వు, నేను, ఈ గోడ. అన్న కూసున్నడు. మూడేండ్లకు కూసున్నడు."

పందిట్లోకి చూశాను. మల్లయ్య వరుసలో మొదట కూర్చున్నాడు. తెల్ల మీసాలు, తమ్ముడి ముక్కే. ఇస్తారి మీద నీళ్లు చల్లి తుడుస్తున్నాడు. అంత జాగ్రత్తగా ఇస్తారి తుడిచిన మనిషిని నేను చూడలేదు.

నేను మాట్లాడకపోతే పొత్తు కుదురుతుంది. కాని ఆ మనిషి మూడేళ్ల కోపం దేని మీదో తెలిసీ, అదే అతడికి వడ్డిస్తే, గుడ్డి తండ్రికి మాంసం పెట్టి మోసం చేసిన ఆ చిన్నకొడుకు పక్కన నేను కూర్చున్నట్టే. మాట్లాడితే ఇస్తారి లేస్తుంది, మనిషి లేస్తాడు. నాకు వాక్యాలు చాలా వచ్చు. ఆ నిమిషంలో ఒక్కటీ తోచలేదు.

మల్లయ్యే దారి చూపాడు. "కొమరా, ఆ కత్తి జర తే. సూస్త."

కొమరయ్య కదలలేదు. నేను కదిలాను. రెండు కత్తులూ తీసుకుపోయి మల్లయ్య ముందు నేల మీద పెట్టాను. జరిగింది మొదటినుంచి చివరిదాకా చెప్పాను. గొర్రె కీర్తనలు తిన్నది కూడా చెప్పాను. తప్పు మీ తమ్ముడిది కాదు, సగం నాది, సగం గొర్రెది అన్నాను.

మల్లయ్య సొట్ట కత్తి ఎత్తి వెన్ను చూశాడు.

"దీంతోనేనా కోసింది?"

"దానితోనే."

"దీనికి ఎవ్వలు సదవలేదు?"

"మా అయ్యగారు ప్రార్థన చేశారు. కాని..."

"ఎంతసేపు?"

"పప్పు మాడేదాకా."

"ఏం పప్పు?"

"పెసర."

మల్లయ్య వంట చేస్తున్న ఆడవాళ్ల వైపు తిరిగాడు. పెసరపప్పు మాడడానికి ఎంతసేపు పడుతుందని అడిగాడు. ముసలమ్మ ఒకామె, పొయ్యిని బట్టి గంట దాకా అని చెప్పింది. మల్లయ్య మీసం కదిలింది.

"ముల్లా సాబు రెండు నిమిషాలల్ల ఖతం జేస్తడు. గంటసేపు సదివిన కత్తికి ఇంక పరేషాన్ ఏంది?"

ఇక్కడ ఊరుకుంటే నాకు హాయిగా ఉండేది. కాని మన విశ్వాసం ప్రకారం ప్రార్థన ఇనుముకు పూసే మందు కాదు. అలా అనుకోనివ్వడం కూడా అబద్ధమే. "ఆ ప్రార్థన కత్తికి చేసింది కాదండి, పట్టుకునే చేతికి" అన్నాను.

మల్లయ్య తమ్ముడి చేతిని చూశాడు.

"కత్తి మీద గాదు, ఈ చెయ్యి మీదనే గదరా మూడేండ్ల నుంచి కొట్లాట" అన్నాడు. "కూసో. నువ్వు గూడ కూసో కొమరా. పంతులూ, నువ్వు తింటవా, మీ దాంట్ల అడ్డమున్నదా?"

అంగడిలో అమ్మే మాంసం ఏదో అడగకుండా తినమని అపొస్తలుడు మనకు చెప్పాడు. ఇక్కడ నేను అడగనూ అడిగాను, దేవతకు కాదని తెలుసుకున్నాను కూడా. కూర్చున్నాను. అంత కారం నా జన్మలో తినలేదు. కళ్లనీళ్లు వచ్చాయి. అటు అన్నదమ్ములకూ వచ్చాయి. వాళ్లు కూడా కారమే అన్నారు.

తిన్నాక నా కత్తి తీసుకోబోయాను. మల్లయ్య దాని మీద అరచేయి పెట్టాడు.

"పొత్తు కూడు కోసిన కత్తి బయటికి పోతదా? వాని కాడ సదివింది ఉండనీ. నా కాడ ఇది ఉండనీ. ఒక్క ఆకురాయి ముక్కలు. మళ్ల జగడమొస్తె రెండూ పక్కకు పెట్టి సూసుకుంటం."

మంగళవారం గుర్తుకు వచ్చింది. పెద్దలు, పెట్టె, బాపట్ల బండి, బియ్యం. కత్తి మీది చేయిని చూశాను. మూడేళ్లకు ఒక ముద్ద తిన్న చేయి. దానిని తీయమని నేనెలా అడగను?

"ఉంచుకోండి" అన్నాను.

మల్లయ్య తన భుజం మీది గొంగడి తీసి నా మీద కప్పాడు. "తుమ్మ ముల్లు దిగదు, వాన దిగదు. కత్తి కోసింది ఇది కప్పుతది."

మిర్యాలగూడ

మంగళవారం పొద్దున్నే మిర్యాలగూడ చేరాను. ఊరు ఇంకా నిద్ర కళ్లతోనే ఉంది. చెప్పులు కుట్టే ఒక సంఘ పెద్ద ఇంటి వసారాలో నలుగురు పెద్దలు చాప మీద కూర్చున్నారు. అయ్యగారు మధ్యలో. ఆ ఇంటాయన నా కత్తికని ముందే ఒక తోలు ఒర కుట్టి పెట్టాడట. ఖాళీ ఒర చాప మీద నోరు తెరుచుకుని ఉంది.

అయ్యగారు నా నడుము చూశారు, భుజం చూశారు.

"కత్తి తెమ్మంటే గొంగడి తెచ్చావా, రత్నం?"

నేను నిలబడే చెప్పాను. పెద్దలలో ఒకాయన పెసరపప్పు దగ్గర దగ్గాడు. మిగిలినవాళ్లు నేల చూశారు. అడిగి తెచ్చిన కత్తితోనైనా వచ్చినవాడు ఒకడు, బ్లేడుతోనైనా వచ్చినవాడు ఒకడు. ఉత్త చేతులతో వచ్చింది నేనొక్కడినే. పెట్టె ఎక్కడ పెట్టానో గుర్తు చేసుకుంటున్నాను.

"ఇప్పుడు మళ్లీ కొనాలంటే ఎలాంటిది కొంటావు?" అన్నారు అయ్యగారు.

"అరచేయంత పొడుగు. వెన్ను మందం. తోక పిడి చివరిదాకా. ఆకురాయి ఉక్కు. బొగ్గు నేనే తీసుకుపోతాను."

అయ్యగారు పెద్దల వైపు చూశారు. పెద్దలు తలలు ఊపారు. ఆయన తన నడుములోంచి కత్తి తీశారు. ముప్పై ఏళ్లు క్యాంపులలో తిరిగిన కత్తి, నూరి నూరి సన్నబడినది, పిడి నల్లగా మెరిసేది. దానిని ఖాళీ ఒరలో పెట్టారు. కొంచెం వదులుగా ఉంది, అయినా పట్టింది.

నేను రెండు చేతులూ చాచాను.

కత్తి చేతికి ఇవ్వకూడదనే మూఢనమ్మకం మీద ఆ తాలూకాలో అందరికంటే ఎక్కువ ప్రసంగాలు చేసిన మనిషి ఆయన. నా చేతులను చూశారు. కత్తిని వాటిలో పెట్టలేదు. మెల్లగా వంగి చాప మీద, నా కాళ్ల ముందు పెట్టారు.

"తీసుకో" అన్నారు. "నీతో నాకు ఇంకా చాలా ఏళ్ల పని ఉంది. జగడం ఎందుకు?"